బాత్రూం గడియకు ఎర్ర పేలిక

మా గది టైలరు పోయాడు. గురువారం మధ్యాహ్నం, సెలవు మీద వెళ్లిన కోనసీమలో, సొంత ఇంట్లో అన్నం తిని పడుకున్నవాడు లేవలేదట. అబూ హలీఫాలో మేం ఆరుగురం ఉండే గదికి ఆయన భార్యే ఫోన్ చేసి చెప్పింది. "ఆఖరున నా చేతి పులుసే తిన్నారండి" అంది. వినగానే కుళ్లుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. పోయినవాడి మీద కుళ్లేమిటని మీరు అడగవచ్చు. చెబుతాను.

ఆయనకూ నాకూ వచ్చిన జబ్బు ఒకటే, పెద్దపేగు చివర గడ్డ. ఆయనకు మూడేళ్ల కింద ఆపరేషన్ చేశారు, నాకు మరుసటి ఏడు. డాక్టరు ఇద్దరికీ ముందే చెప్పాడు. పక్కనే సన్నని నరాలుంటాయట. మూత్రం సరిగా రాకపోవచ్చు, మగతనం తగ్గవచ్చు. కొందరికి మెల్లగా కుదురుకుంటుంది, కొందరికి కుదురుకోదు. మా ఇద్దరికీ రెండు బాధలూ వచ్చాయి. ఆయన చెప్పుకున్నాడు, నేను దాచుకున్నాను.

ఆరుగురికి ఒక్కటే బాత్రూం. ఈ అరబ్బు దేశంలో ముప్పై ఏళ్లుగా, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు కోసం వరుసల్లో, విమానం వరుసల్లో ఎన్నిసార్లు నిలబడ్డానో. పొద్దున ఐదింటికి బాత్రూం ముందు వరుసంత దయలేనిది మరొకటి చూడలేదు. సరే, దారి తప్పాను. ఆయన ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికే దుకాణంలో మిగిలిన ఎర్ర గుడ్డ పేలిక ఒకటి తెచ్చి తలుపు పక్క మేకుకు తగిలించాడు.

"ఇది గడియకి కనబడితే లోపల నేనున్నట్టండి. బొట్టు బొట్టుగా వత్తాది. తలుపు బాదారంటే అదీ ఆగిపోద్ది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఎవరూ తలుపు బాదలేదు.

నేనో? అదే బాధ పడుతూ, దజీజ్‌లో నేను స్టోర్‌కీపరుగా ఉన్న గోడౌనుకు గంట ముందే పరుగెత్తి అక్కడి బాత్రూం వాడుకున్నాను. పని మీద ఇంత భక్తి ఎవరికీ లేదని మేనేజరు మెచ్చుకున్నాడు కూడా.

కిందటిసారి సెలవుకు ముందు ఆయన వంటింట్లో భార్యతో స్పీకర్ పెట్టి మాట్లాడుతున్నాడు. నేను పక్కన ఉల్లిపాయలు తరుగుతున్నాను.

"ఏమే, ముందే చెబుతున్నాను. మన సంగతి మునుపటిలా ఉండదు. డాక్టర్నడిగితే మాత్రలిచ్చాడు. పనిచేత్తే చేత్తాయి, లేకపోతే లేదు."

"ముందు మీరంటూ రండి. మిగతాది మనిద్దరం చూసుకుందాం" అని ఆమె నవ్వింది. ఆయనా నవ్వాడు.

ఆ నవ్వుకు నా చేతిలో కత్తి ఆగిపోయింది. అడిగి మాత్రలు తెచ్చుకున్నందుకు కుళ్లు, ఆ మాట భార్యతో అనగలిగినందుకు ఇంకా కుళ్లు. నేను రాయచోటికి వెళ్లి రెండేళ్లు దాటింది. ఆపరేషన్ సంగతి మా ఆవిడకు తెలుసు. మిగతాది తెలియదు. నన్ను వీసా మీద తెచ్చుకున్న యజమాని, కఫీల్, సెలవివ్వడం లేదని చెబుతూ వచ్చాను.

"భాయ్‌గారూ, మీ సెలవెప్పుడండీ?" అన్నాడు టైలరు ఫోన్ పెట్టేసి.

"కఫీల్ ఒప్పుకోల్యాదన్నా."

ఆయన నా వైపు కాసేపు చూశాడు. "కుట్టిన చోట కాస్త లాగుద్దండి. లాగుద్దని ముందే చెబితే తొడుక్కునేవోళ్లు ఏమీ అనరు. చెప్పకుండా ఇత్తేనే గొడవ."

బట్టల మాటే అనుకున్నట్టు తల ఊపి ఉల్లిపాయలు తరిగాను. ఆయన మళ్లీ ఎత్తలేదు.

ఆయన పోయిన మర్నాడు శుక్రవారం, అందరికీ సెలవు. పేలిక మేకుకే ఉంది. తీసి గడియకు తగిలించి లోపలికి వెళ్లాను. బయట చెప్పుల చప్పుడు వచ్చి ఆగింది, వెనక్కి పోయింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఆపరేషన్ అయ్యాక మా గది బాత్రూంలో నేను తొందరపడకుండా కూర్చున్నది అదే మొదటిసారి.

బయటికొచ్చి, నేరుగా మెట్ల మీదికి పోయి ఇంటికి ఫోన్ చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను.

"నమాజు చేసినప్పుడల్లా ఆ కఫీల్‌ను శపిస్తావుంటి గదయ్యా" అంది మా ఆవిడ. "పాపం, ఆ మనిషేం జేసినాడు?"

తర్వాత నవ్వింది. ఆ నవ్వు టైలరు వినలేదు. అది మాత్రం నాకొక్కడికే దక్కింది.

"టికెట్ తీసుకో" అంది.

తిరిగి వచ్చి చూస్తే, గడియకు పేలిక అలాగే ఉంది. తీయడం మరిచిపోయాను. తలుపు ఎదుట నలుగురూ, భుజాల మీద తువ్వాళ్లతో, ఖాళీ బాత్రూం ముందు చడీచప్పుడూ లేకుండా నిలబడి ఉన్నారు.