అవ్వ ఊపిరి తీసుకునేదాకా

ప్రేమ్ కుమార్ డ్రమ్ములు వాయిస్తూ ప్రతి చరణం చివర కుడిచేతి కర్రను గాలిలో ఆపుతాడు. తల కొంచెం ఎడమకు తిప్పుతాడు. తర్వాతే దెబ్బ వేస్తాడు.

ముడిమ్యాల చర్చిలో ఆడవాళ్లు ఎడమవైపు కూర్చుంటారు. ముందు వరుసలో సారమ్మ. కూలికి వెళ్లడం మానేసి పదేళ్లయింది. పాట ఎత్తుకోవడం మానలేదు. ఆమెకు ఆయాసం. చరణం ముగిశాక ఊపిరి అందడానికి కొంచెం సేపు పడుతుంది. పన్నెండేళ్ల వయసు నుంచి ప్రేమ్ కుమార్ ఆ కొంచెం సేపు ఆగుతున్నాడు. ఇప్పుడతనికి ముప్పై నాలుగు. చందనవెల్లిలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని.

చర్చి బయట అతనికి ఒక బ్యాండ్ ఉంది. మొయినాబాద్ స్నేహితుడు సుకుమార్ పాడతాడు. మరో ఇద్దరు గిటార్లు వాయిస్తారు. బ్యాండ్ పేరు మొగులు, అంటే మబ్బు. షిఫ్టు బస్సు మీద, ఫామ్‌హౌస్ కంచె వెనక నెమళ్ల మీద రాక్ పాటలు కట్టుకున్నారు. హైదరాబాద్‌లో ఒక్క గదిలో చిన్న మ్యూజిక్ లేబుల్ నడిపే అశ్విని వాళ్ల మొదటి ఆల్బమ్ తెస్తానంది. ఎంకపల్లిలో ఖాళీ కోళ్ల షెడ్డులో రికార్డింగు.

అక్కడ చెవిలో గడియారంలా టిక్కుమనే క్లిక్‌తో వాయించాలి. అది ఎవరి కోసమూ ఆగదు. ప్రేమ్ కుమార్ ఆగుతాడు. సోమవారానికి కుదరకపోతే సిటీ నుంచి వేరే డ్రమ్మర్‌ను పిలవాల్సి వస్తుందని అశ్విని మర్యాదగానే చెప్పింది. సుకుమార్ నేల వైపు చూశాడు.

వారమంతా ప్రేమ్ కుమార్ షిఫ్టు బస్సులో క్లిక్ వింటూ తొడ మీద సాధన చేశాడు. కుదిరింది. ఆదివారం చర్చిలోనూ చేతులు అలాగే, ఆగకుండా నడిచాయి. రెండో చరణంలో సారమ్మకు ఊపిరి అందక పాట తెగింది. మిగతావాళ్లు పాట అందుకున్నారు. ఆమె చివరిదాకా కళ్లు మూసుకుని కూర్చుంది.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటూ అడిగింది.

"ఏం బిడ్డా, ఎవలన్న తరుముతున్నరా?"

"లేదవ్వా."

"మరి నన్నెందుకు ఉరికిచ్చినవ్? మోకాళ్లు సుత సక్కగ లేవు నాకు."

నవ్వింది. నవ్వుకు కూడా ఊపిరి చాల్లేదు.

ఆ సాయంత్రం అశ్వినికి ఫోన్ చేసి, క్లిక్‌తో ఇక వాయించనన్నాడు. వేరే మనిషిని పిలుచుకొమ్మన్నాడు. ఆమె వెంటనే సరే అనలేదు.

"మరి ఇన్నేండ్లు దేన్ని పట్టుకొని వాయించినవ్ అన్నా?"

"మా సారవ్వ ఊపిరిని."

చర్చిలో ప్రతి చరణం చివర ఆమె కోసం ఎలా ఆగుతాడో చెప్పాడు.

"అయితే అవ్వను తోల్కరా. క్లిక్ బంద్ చేస్త."

మరునాడు పొద్దున ప్రేమ్ కుమార్ ఫ్యాక్టరీకి సెలవు పెట్టాడు. సారమ్మను స్కూటర్ మీద మెల్లగా ఎంకపల్లికి తీసుకెళ్లాడు. డ్రమ్ముల పక్కన కుర్చీ వేశాడు. రికార్డింగులో చప్పుడు పడకుండా ఫ్యాను ఆపారు. ఒక అట్టముక్క చింపి, విసురుకోమని ఆమె చేతికిచ్చాడు. వెళ్లి తన చోట కూర్చున్నాడు. కర్ర ఎత్తి, తల ఆమె వైపు తిప్పి, ఆమె ఊపిరి తీసుకునేదాకా ఆగాడు.