పట్టాలకు ఇవతల మా మాస్టారు

మాకు కారు నేర్పిన మాస్టారు మొన్న పోయారు. వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి, "అబ్బాజాన్ లేరక్కా" అంది. విజయవాడ వన్ టౌన్‌లో ఆయన దగ్గర స్టీరింగ్ పట్టడం నేర్చుకున్న ఆడవాళ్లం చాలామందిమే ఉన్నాం.

తోపుడుబళ్లకూ ఆటోలకూ తగలకుండా సందుల్లో కారు నడపడం ఇట్టే నేర్పేశారు. రైల్వే గేటు దగ్గరే ఆయనతో వేగలేకపోయేవాళ్లం. గేటు పడిందంటే ఇంజన్ ఆపాలి, పాట ఆపాలి, అద్దం దించాలి. ఒక రైలు పోగానే నా చెయ్యి తాళంచెవి మీదికి పోయేది. "ఆగండమ్మా, రెండో లైను సంగతి కూడా కనుక్కుందాం" అనేవారు.

గేటు ఎత్తినా కదలనిచ్చేవారు కాదు. మనవాళ్ల సంగతి తెలిసిందేగా! గేటు పడితే అటూ ఇటూ రోడ్డంతా నింపేస్తారు, ఎత్తగానే పట్టాల మీద ఎదురెదురుగా ఇరుక్కుంటారు. అవతల మన బండి పట్టేంత చోటు కనబడితేనే పట్టాలెక్కాలని ఆయన పట్టుదల. వెనక హారన్లకు నాకు చెమటలు పట్టేవి. "కొట్టుకోనివ్వండమ్మా, వాళ్లు మన బండిలో లేరుగా" అని ఆయన సోంపు నములుతూ కూర్చునేవారు. ఆ నిదానం చూస్తే ఒళ్లు మండేది.

ఒక మధ్యాహ్నం మైలవరంలో నాన్నకు గుండెల్లో నొప్పి వచ్చిందని ఫోనొచ్చింది. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదని మాస్టారే వచ్చి కారు తీసి నన్ను అక్కడికి తీసుకెళ్లారు. నాన్నను వెనక సీట్లో నా ఒళ్లో పడుకోబెట్టుకుని విజయవాడ ఆసుపత్రికి బయల్దేరాం. ఇబ్రహీంపట్నం దగ్గర గేటు పడింది. బొగ్గు వ్యాగన్లు ఎంతకీ తెగలేదు. చివరికి గేటు ఎత్తారు గానీ, అవతల మేం పోవాల్సిన వైపు కూడా ఎదురొచ్చే బళ్లతో నిండిపోయింది. ఈయన కదల్లేదు.

"పోనివ్వండి మాస్టారూ, మీకు దణ్ణం పెడతా!" అని అరిచాను.

"పట్టాల మీద ఇరుక్కుంటే నాన్నగారిని ఎత్తుకుని ఎటు పరిగెడతామమ్మా?" అని, హ్యాండ్ బ్రేక్ వేసి దిగిపోయారు.

ఆ ఎండలో అవతలికి వెళ్లి, ఒక్కొక్క బండి దగ్గరా వంగి బతిమాలారు. "కొంచెం వెనక్కి తీసుకోండి బాబూ, పేషెంట్ ఉన్నారండీ." ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఆటోలు జరిగాయి, లారీ వెనక్కి పోయింది.

నాన్న బతికారు. మొన్న ఈ కబురు చెబితే, "నాకంటే చిన్నవాడమ్మా" అని ఏడ్చేశారు. నాకూ ఏడుపు ఆగలేదు.

మాస్టారు అనుకోగానే నాకు ఆ ఎండే కళ్లముందుకొస్తుంది. దారి దొరగ్గానే, ఎన్నడూ తొందరపడని ఆ మనిషి, చొక్కా తడిసి ముద్దయి, మా వైపు పరుగెత్తుకొస్తూ పట్టాల ముందు టక్కున ఆగారు. అటు చూశారు, ఇటు చూశారు. మళ్లీ పరుగందుకున్నారు.