బోణీ పడందే కళ్లు తెరవని అన్నతో పులికాట్ ఒడ్డున

ఏటా మాఘమాసంలో పులికాట్ సరస్సుకు నేను ఒక్కదాన్నే పోతాను. తిరుపతిలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పి చెప్పి గొంతు అరిగిపోయిన మనిషిని. ఏడాదికి ఒక వారం నోరు మూసుకుని నీటిపక్షుల్ని చూస్తూ కూర్చోవడం ఒక్కటే నాకున్న విలాసం. ఈసారి దానికి మా వదిన ఎసరు పెట్టింది. చిత్తూరులో మా అన్నకు చీరల అంగడి ఉంది. పుష్యమాసం మొదట్లో గుండెకు స్టెంట్ వేసి, రెండు నెలలు అంగడి గడప తొక్కొద్దని డాక్టరు చెప్పాడు. ఈ మహానుభావుడు మూడో వారానికే పోయి గల్లాపెట్టె ముందు కూర్చున్నాడు. మధ్యాహ్నానికి మెట్ల మీద కూలబడ్డాడు. ఇంకోసారి ఇలా తీసుకొస్తే నా చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరు ముఖం మీదే చెప్పేశాడు. ఇంతలో పెళ్లి ముహూర్తాలు వచ్చిపడ్డాయి. చీరల అంగడికి ఏడాది పంటంతా ఆ రోజుల్లోనే.

"ఇంట్లో పెడితే గోడ దూకైనా పోతాడు సుజాతా" అని వదిన ఫోన్ చేసింది. "నువ్వు యాడికో పిట్టల్ని సూసేదానికి పోతావు గదా, మీ అన్నని గూడా తోడుకోని పో. వారం దినాలు అంగడి ఊసు లేకుండా ఉంటే సాలు. మనిషి ఉంటేనే గదమ్మా అంగడి." ఆ మాటకు కాదనలేకపోయాను. ఆయన ఫోన్ కూడా వదిన తీసేసుకుని, ఉత్త చేతులతో నా దగ్గరికి పంపింది.

తిరుపతి నుంచి సూళ్లూరుపేటకు శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా ఆర్టీసీ బస్సులో రెండున్నర గంటలు పడుతుంది. మద్రాసు వైపు నుంచి వచ్చేవాళ్లకు లోకల్ రైలు ఉంది, అదే సుఖం. శ్రీకాళహస్తి వచ్చేలోపు అన్న తన గుండెలో ఎక్కడెక్కడ ఏమేమి పెట్టారో కండక్టరుకు వివరించేశాడు. నాయుడుపేట దాటేలోపు ముందు సీట్లో ఉన్నావిడ చీర మొదటి ఉతుకులోనే రంగు దిగుతుందని ఆమెకే చెప్పాడు. ఆవిడ దిగేదాకా మా వైపు ఉరిమి ఉరిమి చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, ఈయనెవరో నాకు తెలియనట్టు కూర్చున్నాను.

సూళ్లూరుపేట స్టేషన్ దగ్గర లాడ్జీలో రెండు మంచాల గది రోజుకు పన్నెండు వందలు. కారు మాట్లాడుకుంటే పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం దాకా, డీజిల్‌తో కలిపి రెండు వేల లోపు. నాకు ఏటా వచ్చే డ్రైవరు చెంగయ్య ఆ ఊరివాడే, నలభై దాటిన మనిషి, నిదానస్తుడు. శ్రీహరికోట వైపు పోయే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది, రెండు పక్కలా నీళ్లు. దీవి మొదట్లో రాకెట్ కేంద్రం వాళ్ల తనిఖీ ఉంటుంది, అనుమతి లేనిదే లోపలికి పోనివ్వరు. మనకు పోవాల్సిన పనీ లేదు, పక్షులన్నీ రోడ్డు పక్కనే. పొద్దున పోయేటప్పుడు ఎండ ఎదురుగా కొడుతుంది. అందుకని ఆగకుండా చివరిదాకా పోయి, తిరిగి వచ్చేటప్పుడు నిదానంగా ఆగుతూ రావాలి.

ఇదంతా తెలిసిన మనుషులు చేసే పద్ధతి. మా అన్న పద్ధతి వేరు. మొదటి రోజు తెల్లవారుతుండగా గది తలుపు తీశాం. ఎదురుగా వరండా కమ్మీ మీద కాకి.

"ఏమ్మే, పొద్దున్నే కాకి మొగం సూపిస్తావా? ఈ దినం బోణీ సెడిపోయింది పో" అన్నాడు.

"అన్నా, మనం బేరానికి పోవడం లేదు. పక్షుల్ని చూడడానికి పోతున్నాం. కాకి కూడా పక్షే."

"ఏ పనికైనా బోణీ బోణీనే. మొదటి బేరం సరిగ్గా పడకుంటే దినమంతా ఈగలు తోలుకుంటా కూసోవల్సిందే. నలభై ఏండ్ల అనుభవంతో సెప్తా ఉండా."

చెప్పి, లోపలికి పోయి దుప్పటి కప్పుకుని మళ్లీ పడుకున్నాడు. ఆ కాకి శకునం ఆవిరై పోవడానికి తొమ్మిదైంది. మేం సరస్సు చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది, రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, దూరంగా తెల్లటి గీతలా మిగిలాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ.

రెండో రోజు ఇంకా ఘనం. గదిలోనే కళ్లకు తువ్వాలు కట్టుకున్నాడు. మంచి పక్షి కనబడినప్పుడు చెబితే విప్పుతాడట. చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతుంటే, కంటి ఆపరేషన్ ఎప్పుడైందని లాడ్జీ వాచ్‌మన్ జాలిగా అడిగాడు. చెంగయ్య అయినా నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మంచి పనే గదక్కా. మాకూ మొదటి గిరాకీ బట్టే దినమంతా. అన్నా, నేను చెప్పిందాకా తెరవబాక" అన్నాడు. ఇద్దరూ ఒకటైపోయారు, మధ్యలో నేను పిచ్చిదాన్ని.

రోడ్డు పక్కనే గూడబాతులు గుంపుగా దిగాయి. "అన్నా, గూడబాతులు! ఎంత దగ్గరగా ఉన్నాయో!" అన్నాను ఉండబట్టలేక.

"గూడబాతు మంచిదేనా చెంగయ్యా?"

"దానికి గొంతు కింద సంచి ఉంటాదన్నా."

"సంచా? వొద్దొద్దు. పొద్దున్నే ఖాళీ సంచితో బోణీ ఏమిటికి?"

అలా కొంగలు, ఉల్లంకి పిట్టలు, నెత్తి మీదుగా పోయిన గద్ద, అన్నీ తువ్వాలు అవతలే గడిచిపోయాయి. చివరికి రాజహంసలు కనబడ్డాక చెంగయ్య కారు ఆపి "ఇప్పుడు తెరువన్నా" అన్నాడు. అన్న తువ్వాలు విప్పాడు. "ఓయబ్బా!" అని ఒక్క కేక వేశాడు. "ఉల్లిపొర రంగు మే! అచ్చం ఉల్లిపొర రంగు! ఈ రంగు కావల్లని కంచికి మూడుసార్లు పోయినా, ఒక్కడూ నేసిచ్చినోడు లేడు!" ఆ కేకకు గుంపు మొత్తం నిదానంగా అవతలికి నడిచి పోయింది. దుర్భిణి సరిచేసుకునేలోపు నాకు వాటి వీపులే మిగిలాయి.

మూడో రోజు నేలపట్టుకు పోయాం. సూళ్లూరుపేట నుంచి హైవే మీద అరగంట ప్రయాణం. చెరువు నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతుంటాయి, మంచె ఎక్కితే కళ్ల ముందే కాపురాలు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లతో పొలాలు బాగా పండుతాయని ఆ ఊళ్ల వాళ్లు వాటి జోలికి పోరు, దీపావళికి టపాసులు కూడా కాల్చరు. అంత మర్యాద ఉన్న చోట మా అన్న మంచె మీద నిలబడి, "ఈ కొంగలు సూసినాం లే, ఇంగో రకం సూపించు. జన్మంతా నేనే సీరలు ఇప్పి ఇప్పి సూపించినా, ఇప్పుడు నాకు సూపించు" అన్నాడు. పక్కన నిలబడ్డ మద్రాసు కుటుంబంతో అరవంలో మాట కలిపి, దిగేలోపు చిత్తూరుకు వస్తే మంచి ధరకు పెళ్లి చీరలు ఇప్పిస్తానని మాటిచ్చేశాడు. వారం రోజులు అంగడి ఊసు రాకూడదన్న మాట నాకొక్కదానికే గుర్తున్నట్టుంది.

ఆ మధ్యాహ్నం హైవే పక్క మెస్సులో, గుండె మనిషి కాబట్టి పులుసులో ఉప్పు తగ్గించమని వంటావిడను బతిమాలాను. "ఉప్పు తగ్గించి సేపల పులుసా? అది పులుసు గాదమ్మా, కషాయం" అని ఆవిడ గరిటె ఊపింది. అన్న ఆవిడ పక్షమే అని వేరే చెప్పాలా? నాలుగో రోజు తడ దగ్గర భీములవారిపాళెంలో పడవ మాట్లాడుకున్నాం. బేరం అరగంట చేశాడు, పడవ సవారీ అంతకంటే తక్కువ సేపు.

ఐదో రోజు నేను దుర్భిణిలో తల దూర్చి ఉండగా, అన్న చెంగయ్య ఫోన్ అడిగి తీసుకున్నాడు. ఇంటికని చెప్పాడట. చేసింది అంగడికి. నంబర్లన్నీ ఆయనకు కంఠతా వచ్చని వదినకూ నాకూ తోచనే లేదు. పోయి లాక్కునేలోపు అవతల ఎత్తారు. ఆ ఫోన్ మాట నాలుగు అడుగుల దూరానికి వినబడుతుంది. ఎత్తింది గుమాస్తా కాదు, వదిన.

"నువ్వేందే ఆడ?" అన్నాడు అన్న.

"నేను గాక ఎవురు కూసుంటారు? నీకు తెలిస్తే కంగారు పడతావని సెప్పలా. ఇంగ తెలిసిపోయింది గదా, నిమ్మళంగా ఉండు. బంగారుపాళ్యం మామిడి తోటలోళ్లు నిన్న వచ్చి పెండ్లి సీరలన్నీ తీసుకోని పోయినారు."

"వాళ్లు నా సేత్తో తప్ప తీసుకోరే."

"తీసుకున్నారు. నిన్న బోణీ గూడా వాళ్లదే. ఈడంతా బాగా జరగతా ఉండాది, నువ్వేమీ దిగులు పెట్టుకోవద్దు."

ఆయన మనసు కుదుటపడాలనే వదిన చెప్పింది. నాకూ సంతోషమే అయింది. అన్న మాత్రం ఫోన్ చెంగయ్య చేతికిచ్చి, కారులో కూర్చుని తలుపు వేసుకున్నాడు. మెస్సులో ఉప్పులేని పప్పు పెడితే మారు మాట్లాడకుండా తిన్నాడు. సాయంత్రం మాత్ర అందిస్తే చాలాసేపు అరచేతిలో పెట్టుకుని చూశాడు. నేను నిలబడి ఉంటేనే మింగాడు.

ఆరో రోజు తిరుగు ప్రయాణం. గది ఖాళీ చేసి, సామాన్లు కారులో వేసుకుని చివరిసారిగా సరస్సుకు బయల్దేరాం. కళ్లకు తువ్వాలు లేదు. కాకులు కనబడ్డాయి, పట్టించుకోలేదు. చెంగయ్య అద్దంలోంచి నన్ను చూసి, ఏమైందన్నట్టు కళ్లెగరేశాడు. నీళ్లు తీసి పలచబడ్డ చోట కారు ఆపి, కట్ట దిగి రాళ్ల మీద కూర్చున్నాం. వారమంతా నేను దేవుడికి మొక్కుకున్న నిశ్శబ్దం అదే. ఆ నిశ్శబ్దానికి రాజహంసలు బురదలో ముక్కులు ఆడిస్తూ, ఒక్కొక్క అడుగే వేస్తూ, మా ముందుకే వచ్చాయి. ఇన్నేళ్లలో అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. చూడాలనీ అనిపించలేదు. నా చూపంతా అన్న ముఖం మీదే ఉంది, భయం వేసింది.

"అన్నా, ఏమన్నా మాట్లాడు."

"మాట్లాడితే పిట్టలు పోతాయంటివి గదా."

"పోతే పోనీ."

భుజం మీది తువ్వాలు సరిచేసుకుంటూ అన్నాడు. "నేను లేకుంటే ఆ అంగడి తలుపే తెరుసుకోదనుకుంటి మే. నాకేమన్నా అయితే వీళ్లు ఎట్లనో అని ఆసుపత్రిలో గూడా అదే ధ్యాస. ఏమీ కాదు. నేను పోయినా అంతా బాగా జరగతాది. అట్లాంటప్పుడు ఈ మాత్రలు, ఈ ఉప్పులేని తిండి, ఇవన్నీ ఎవురి కోసం?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఎవురి కోసమా? అడిగే దానికి సిగ్గు లేదా నీకు? జన్మలో అంగడి మెట్టెక్కని వదిన పొద్దస్తమానం ఆడ కూసోనుండేది సీరలు అమ్మే దానికనుకున్నావా? నువ్వు ఆడికి పోకుండా బతికుండే దానికి! అంగడికి నువ్వు అక్కర్లేదు, సరే. నాకు కావల్ల. నాకుండేది ఒక్క అన్న!" లేచి నిలబడి అరిచానట, చెంగయ్య తర్వాత చెప్పాడు. పైన రోడ్డు మీద పోయే సైకిలాయన ఆగి చూశాడట.

రాజహంసలు ఆగలేదు. ఒక్కసారిగా గుంపంతా లేచింది. కొన్ని వందల రెక్కలు విప్పుకుని, మా నెత్తి మీదుగా అరుచుకుంటూ దక్షిణానికి పోయాయి. అన్న తల పూర్తిగా వెనక్కి వాల్చి అవి కనుమరుగయ్యేదాకా చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అన్నిటినీ ఎగరగొట్టేస్తివి గదమే! పొద్దున్నించీ నేను నోరు మూసుకోని కూసోనుంటే!"

అది తిట్టే. అంత తియ్యని తిట్టు నేను విని చాలా కాలమైంది. ఏడుస్తూ నవ్వుతుంటే ఆయన తన తువ్వాలు నా మీదికి విసిరాడు. "రెక్క కింద మిరపపండు రంగు ఉండాది, సూసినావా?" అన్నాడు. "ఇన్ని దినాలు సూసినా, మడత ఇప్పితే గానీ తెలియలా." చేత్తో మోకాలు పట్టుకుని నిదానంగా లేచాడు. "రేపు పొద్దున ఎన్నింటికి రావల్ల?"

రేపు లేదని, గది ఖాళీ చేసేశామని, బస్సెక్కాలని నేను చెప్పలేదు. లాడ్జీకి తిరిగి పోతే మా గదిలో రాకెట్ ప్రయోగం చూడడానికి వచ్చిన వాళ్లు అప్పుడే బట్టలు ఆరేసుకున్నారు. ఊరంతా తిరిగినా ఒక్క గది లేదు. చివరికి నాయుడుపేట దాకా పోయి, దోమలతో కలిపి రెండు వేలకు ఒక గది పట్టుకున్నాం. దారిలో అన్న చెంగయ్య ఫోన్లోంచే వదినకు చెప్పాడు: "ఇంగో వారం నువ్వే కూసో. నేను రాను. సెల్లెలికి ఈడ తోడు కావల్లంట." నేను అలా ఎప్పుడు అన్నానో నాకు తెలియదు. ఏటా ఒంటరిగా పోయి తెచ్చుకునే ప్రశాంతత ఈసారి నాకు రవ్వంత దక్కలేదు. ఒక్క పక్షినీ తృప్తిగా చూడలేదు, ఒక్క ఫొటో తిన్నగా రాలేదు, గొంతు కాలేజీలో కంటే ఎక్కువ అరిగింది. అయినా ఆ వారానికి బదులు ఇంకో వారం ఇస్తామంటే తీసుకోను.

ఇటు రావాలనుకునేవాళ్లకు ఒకే ఒక్క సలహా. రాకెట్ ప్రయోగం ఎప్పుడుందో ముందే కనుక్కుని, గదిని మాత్రం మీరు అనుకున్నదానికంటే ఒక రోజు ఎక్కువకే తీసుకోండి. పక్కనున్న మనిషి రేపు కూడా వద్దామని అడిగితే, గది లేదని చెప్పాల్సి రాకూడదు.