పార్సిల్‌కు చేతికూలి

నిన్న మధ్యాహ్నం పొదిలి నుంచి ఒక పార్సిల్ వచ్చింది. పైన గోనె కుట్టు విప్పానో లేదో, వరసగా తుమ్ములు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే నవ్వు కూడా వచ్చింది. పాత దూది వాసన, దాని అడుగున ఎక్కడో దాక్కున్న మిరప ఘాటు. ఈ రెండూ అలా కలిసిన వాసన నేను ఒక్క చోటే ఎరుగుదును, మార్టూరులో మా ఫాతిమమ్మ గారి గోడౌనులో. ఆ గోడౌను ఇప్పుడు లేదు, దాని స్థలంలో గ్రానైట్ రాళ్ళు పాలిష్ చేసే యంత్రాలు తిరుగుతున్నాయి. ఆవిడా పోయి ఏడాది దాటింది. పార్సిల్‌ను బల్ల మీద అలాగే వదిలేసి కుర్చీలో వెనక్కి వాలాను. పూర్తిగా విప్పితే ఆ వాసన ఎగిరిపోతుందేమోనని బెంగ.

ఫాతిమమ్మ గారి భర్త ఊరూరా తిరిగి పాత సామాన్లు కొనేవారట. గోడ గడియారాలు, పింగాణీ జాడీలు, లాంతర్లు, నోరు పడిపోయిన రేడియోలు. ఆయన పోయాక ఆ సరుకంతా ఆవిడ మీద పడింది. కొట్టుకు వచ్చి కొనేవాళ్ళు తగ్గిపోయి, ఇలాంటివి ఫోన్లలో వేలం పాటకు పెడుతున్నారని ఎవరో చెబితే, కంప్యూటరు తెలిసిన మనిషి కావాలని నన్ను పిలిపించారు. డిగ్రీ అయి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. ఉద్యోగం దొరికేదాకా చేద్దాంలే అనుకుని చేరాను. ఇప్పటికీ అదే పని చేస్తున్నాను కాబట్టి ఆ ఉద్యోగమేదో ఇంకా దొరకనట్టే లెక్క.

ఆ గోడౌను అంతకు ముందు మిరపకాయల టిక్కీలు నింపినది. టిక్కీలంటే మా వైపు మిర్చి బస్తాలు. అవి ఎప్పుడో వెళ్ళిపోయినా ఎర్రటి పొడి నేల పగుళ్ళలో అలాగే ఉండిపోయింది. పక్కనే పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు. మిల్లులో పక్కన పడేసే దూది మాకు ప్యాకింగ్ సరుకు. మధ్యాహ్నం పూట రేకుల సందుల్లోంచి ఎండ పడితే అందులో దూది పోగులు తేలుతూ ఉండేవి. అవి పైకి పోతున్నాయో కిందికి దిగుతున్నాయో తెలిసేది కాదు. గోడకున్న గడియారాల్లో ఏ రెండూ ఒకే వేళ చూపించేవి కావు. దూరంగా రాళ్ళు కోసే రొద. తిన్న అన్నం బరువుకు నా కళ్ళు మూతలు పడుతుంటే, ఫాతిమమ్మ గారు వేళ్ళతో దూది విడదీస్తూ ఏ జాడీ ఏ ఇంట్లో కొన్నదో చెప్పుకుపోయేవారు. సగం నిద్రలో విన్న ఆ కబుర్లలో ఎన్ని నిజమో, ఎన్ని నా కలో ఇప్పటికీ విడదీయలేను.

దూదిని ఆరబోసేది ఆ నేల మీదే. అందుకే మా పార్సిల్ విప్పిన ప్రతివాళ్ళూ తుమ్మేవాళ్ళు. టార్పాలిన్ పరుద్దామని నేనంటే ఆవిడ ఒప్పుకోలేదు, తుమ్మితే పరధ్యానం పోయి వస్తువును జాగ్రత్తగా తీస్తారని ఆవిడ వాదన.

సామాను చుట్టే పని సువార్తమ్మది. అంతకు ముందు ఆమె మిరపకోతలకు వెళ్ళేది, చేతుల మంటలు భరించలేక మా దగ్గరికి వచ్చింది. గాజు సామానైతే ముందు లోపల దూది కూరేది, తర్వాత మెత్తని పాత లుంగీ గుడ్డ చుట్టేది, మళ్ళీ దూది, అట్టపెట్టె, పైన గోనె. కుట్టడం అయ్యాక పార్సిల్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఊపి వినాలి. ఏ కాస్త చప్పుడు వినిపించినా మొత్తం విప్పి మళ్ళీ మొదలు. "డబ్బా దొర్లినా లోపలిది నిద్ర లేవకూడదు" అనేవారు ఫాతిమమ్మ గారు, ఉయ్యాలలో పిల్లను పడుకోబెట్టినట్టు. ఆవిడ వింటున్నంతసేపూ మేం ఊపిరి కూడా మెల్లిగా పీల్చేవాళ్ళం.

ఇక చేతికూలి సంగతి. వేలం సైటులో వస్తువు ధర పక్కన పోస్టు ఖర్చుకు ఒక గడి, హ్యాండ్లింగ్ ఛార్జీకి ఒక గడి ఉండేవి. ఆ రెండోదానికి అర్థమేమిటని ఫాతిమమ్మ గారు మొదటి రోజే అడిగారు. చుట్టి పంపే ఖర్చని చెప్పాను. "అంటే చేతికూలి" అన్నారు. మిరపకోతకు వెళ్ళిన మనిషికి ఒక పూటకు ఎంత ఇస్తారో అంతే అందులో వేయించారు. పెద్ద గడియారమైనా, చిన్న సిరాబుడ్డైనా ఒకటే. పొలంలో కూలి పెరిగితే ఇక్కడా పెంచాలి. పోస్టు ఖర్చు మాత్రం రసీదులో ఉన్నంతే, రూపాయి ఎక్కువ కాదు.

కొన్నవాళ్ళు మమ్మల్ని తిట్టని వారం లేదు. వాళ్ళ తప్పూ లేదు. రూపాయికే పాట మొదలని ఊరించి, పాట ముగిశాక పోస్టు ఖర్చుల పేరుతో జేబులు కొట్టే బాపతు ఆ సైటు నిండా ఉండేవాళ్ళు. అరచేతిలో పట్టే నాణేనికి బీరువా రవాణా ఖర్చు వేసినవాళ్ళను నేనే చూశాను. మమ్మల్నీ ఆ గాటనే కట్టేశారు. పగటి దొంగలని ఒకరు, వస్తువు అమ్ముతున్నారా అట్టపెట్టె అమ్ముతున్నారా అని ఇంకొకరు రాసేవారు. నేను చదివి వినిపిస్తుంటే ఆవిడ టీ తాగుతూ వినేవారు. బాగా తిట్టినదైతే మళ్ళీ చదివించుకునేవారు.

నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది. ఒకరోజు ఉండబట్టలేక సలహా ఇచ్చాను. డెలివరీ ఉచితమని పెడదామండీ, ఆ డబ్బేదో పాట మొదలయ్యే ధరలో కలిపేద్దాం, అందరూ చేసేది అదే, ఎవరూ నోరెత్తరు అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. ఆవిడ దూది విడదీయడం ఆపి నా వైపు చూశారు.

"మొదలు ధర పెంచితే పాటకు ఎవరొస్తారే? తక్కువకు పోయినా పోనీ, సరుకు మనది. ధర పెంచకుండా కలిపేసి, సువార్తమ్మ చేసిన పని కూడా దాంతోపాటు తక్కువకు పోవాలా? వస్తువును వేలం వేస్తున్నాం గానీ, చేతుల్ని వెయ్యట్లేదు."

అవతల సువార్తమ్మ తల ఎత్తకుండా గోనె కుడుతూనే ఉంది. నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. ఆవిడది మొండితనం అనుకున్నాను.

ఆ మొండితనం ఒకసారి మా మెడకే చుట్టుకుంది. పొదిలి నుంచి రత్నం మాస్టారని ఒక రిటైరైన పెద్దాయన, వాళ్ళ క్రైస్తవ సంఘం మందిరంలో వేలాడే పాత దీపానికి గాజు గోళం పాడుకున్నారు. పాల రంగు గాజు, అంచున నీలి గీత. పోటీకి ఎవరూ రాకపోవడంతో చాలా చవకగా పోయింది. గాజు ధర కంటే చేతికూలి ఎక్కువైంది. ఆయన డబ్బు కట్టేసి, ఇది అన్యాయమని సైటు వాళ్ళకు ఫిర్యాదు పెట్టారు. మా మీద అలాంటివి అప్పటికే చాలా ఉన్నాయి. కొన్న మనిషి ఫిర్యాదు వెనక్కి తీసుకోకపోతే మా ఖాతా మూసేస్తామని సైటు నుంచి కబురు వచ్చింది. ఖాతా పోతే కొట్టు లేదు. కొట్టు పోతే సువార్తమ్మ మళ్ళీ మిరపచేలోకి దిగాల్సిందే. కూలి సగానికి తగ్గిద్దామని నేను బతిమాలాను. ఆవిడ మర్నాడు పొద్దున్నే మంచి చీర కట్టుకుని, ఇంకా పోస్టు చేయని పార్సిల్ చంకన పెట్టుకుని, పద పొదిలి వెళ్దాం అన్నారు.

ఆ బస్సు ప్రయాణం నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. అద్దంకి దాటేదాకా రోడ్డుకు రెండు వైపులా విచ్చిన పత్తి చేలు, మధ్య మధ్య కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఎరుపు. పత్తి లోడుతో లారీలు ఎదురొస్తే తెల్ల పోగులు కిటికీలోంచి లోపలికి ఎగిరొచ్చేవి. దర్శి దాటాక రంగులు పలచబడ్డాయి. ఎర్ర నేల, తుమ్మ చెట్లు, ఎక్కడో ఒక కంది చేను. ఫాతిమమ్మ గారు పార్సిల్‌ను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసి కూర్చున్నారు. బస్సు గుంతలో పడినప్పుడల్లా చెవి ఆనించి వినేవారు. పక్క సీటు ఆవిడ, అందులో ఏమన్నా ప్రాణం ఉందా అని అడిగింది. నిద్రపోతోంది అన్నారు ఈవిడ. ఆ తర్వాత ఆ పక్కావిడ కూడా గొంతు తగ్గించి మాట్లాడింది.

రత్నం మాస్టారి ఇల్లు మందిరం వెనకే. మేమెవరమో చెప్పగానే ఆయన ముఖం గంటు పెట్టుకున్నారు. అయినా కుర్చీలు వేసి మంచినీళ్ళు ఇచ్చారు. ఫాతిమమ్మ గారు ముందు పోస్టు ఖర్చు తీసి ఆయన ముందు పెట్టారు. మేమే తెచ్చాం కాబట్టి అది మీదే అన్నారు. చేతికూలి మాట ఎత్తలేదు. ఆయనే ఎత్తారు.

"ఇది నా సొంత డబ్బు కాదండి. కూలి చేసుకునేవాళ్ళు ఆదివారం కానుక వేసిన డబ్బు. గాజు కంటే ప్యాకింగుకే ఎక్కువైందంటే వాళ్ళకు నేనేం చెప్పుకోను?"

ఫాతిమమ్మ గారు పార్సిల్‌ను ఆయన వైపు జరిపారు. పార్సిల్ విప్పి చూడండి మాస్టారూ అన్నారు అంతే.

ఆయన విప్పడం మొదలుపెట్టారు. గోనె కుట్లు ఊడదీయడానికే చాలాసేపు పట్టింది. వరసగా తుమ్మి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టారు. దూది తీస్తుంటే వస్తూనే ఉంది. వరండా అంతా తెల్లగా పరుచుకుంది, ఆయన మోకాళ్ళ మీద, జుట్టులో, మంచినీళ్ళ చెంబు మీద. గుడ్డ మడతలు ఒక్కొక్కటీ విప్పి చివరికి గాజును పైకెత్తారు. వెలుతురు దాని గుండా వచ్చి ఆయన ముఖం మీద పడింది. ఎక్కడా గీత కూడా పడలేదు.

"విప్పడానికే ఇంతసేపు పట్టింది కదండీ. కానుక వేసినవాళ్ళకు చెప్పండి, ఇది కూడా వాళ్ళలాంటి మనిషి కూలేనని" అన్నారు ఫాతిమమ్మ గారు.

మాస్టారు గాజును జాగ్రత్తగా ఒళ్ళో పెట్టుకున్నారు. కోపం పోయింది గానీ పట్టుదల పోలేదు. "ఫిర్యాదు తీసేస్తానండి. ఎక్కువ అన్న మాట మాత్రం తియ్యను" అన్నారు. ఆవిడ నవ్వేశారు. అది మీ ఇష్టం మాస్టారూ, నేనూ తగ్గించను అన్నారు. ఇద్దరూ సరిసమానమైన మొండివాళ్ళు. గోనె, దూది, గుడ్డ ఏదీ పారేయకుండా ఆయన ఎత్తి అటక మీద పెట్టడం చూశాను. తిరుగు బస్సులో ఆవిడ నా భుజం మీద తల వాల్చి మార్టూరు దాకా నిద్రపోయారు. ఆ బరువు కదలకుండా కూర్చున్నాను. అప్పుడు నాకు ఆవిడ మీద కలిగిన ప్రేమను ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆవిడ పోయాక కొట్టు నేను నడుపుతున్నాను, సువార్తమ్మతో కలిసి. సైటు మారింది, గోడౌను మారింది, దూది ఇప్పుడు శుభ్రమైన గచ్చు మీద ఆరబెడుతున్నాం. ఎవరూ తుమ్మరు. నాకు ఆ తుమ్ముల మీద ఇంత బెంగ ఉందని నిన్నటిదాకా తెలియదు.

సాయంత్రం కుర్చీలోంచి లేచి పార్సిల్ పూర్తిగా విప్పాను. అదే గోనె, అదే దూది, అదే లుంగీ గుడ్డ. లోపల అదే పాల రంగు గాజు, అంచున నీలి గీత. రత్నం మాస్టారికి ఫోన్ చేశాను. మందిరానికి స్లాబు వేశారట, కొత్త లైట్లు వచ్చాయట. దీపం దించేశాం, గాజును పారేయడానికి చేతులు రాలేదు, మళ్ళీ పాటకు పెట్టమ్మా, ఎంత వస్తే అంత సంఘానికి పంపు అన్నారు. ఆ తర్వాత కాస్త తటపటాయించి అసలు మాటకు వచ్చారు.

"చుట్టడానికి ఒక పూటంతా పట్టిందమ్మా. ఊపితే చప్పుడు, మళ్ళీ విప్పడం. నడుం పడిపోయింది. మరి నా చేతికూలి ఎంత వేస్తావు?"

ఇప్పుడు పూట కూలి ఎంత ఉందో అంతే చెప్పాను.

"అంతేనా?" అన్నారు.

అన్నాక ఆయనకే తట్టింది. చిన్నగా, "ఆవిడ ఉండాల్సిందమ్మా. ఎక్కువ అన్న ఆ మాట ఆవిడ ముందే తీసేసేవాణ్ణి" అన్నారు.

ఫోన్ పెట్టేసి వెంటనే ఆయన కూలి పంపించాను. ఈ ఉదయం ఆ గాజును పాటకు పెట్టాను. కింద గడిలో చేతికూలి వేశాను, ఎవరు తిట్టినా తగ్గించేది లేదు. వెనక సువార్తమ్మ వేరే ఎవరిదో పార్సిల్ చెవి దగ్గర పెట్టుకుని ఊపి వింటోంది. నేనేదో అనబోతే, మాట్లాడొద్దని చెయ్యి ఎత్తింది.