పూజ తర్వాత లేవవలసిన యంత్రం

సత్యశ్రీ పనిచేసేది పోర్టు దగ్గర ఒక ప్రైవేటు బొగ్గు యార్డులో. బొగ్గు నింపుకున్న లారీ కాటా ఎక్కి, బరువు కంప్యూటరులో పడితేగాని గేటు తెరవరు. ఆ కంప్యూటరును చూసుకునేది ఆమే. నేనక్కడ లెక్కల గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. నేనుండే వన్ టౌన్ నుంచి ఎంత దూరం గనక, ఏటా ఆయుధపూజకు వెళ్తూనే ఉంటాను.

ఆ కంప్యూటరు యంత్రం ఆగేది ఆ ఒక్క రోజే. క్రేన్లతో, కాటాతో పాటు దాన్నీ ఆపి, తుడిచి, బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టాకే మళ్లీ లేపుతారు. "నడిచే బండికి హారతేటి?" అంటారు మేనేజరు త్రినాథరావు.

లేపడమంటే మీట నొక్కడమే కాదని సత్యశ్రీ ఒకసారి నాకు విడమరిచి చెప్పింది. అందులో ఉన్నది లినక్స్, యంత్రం మొత్తాన్నీ నడిపించే ఏర్పాటు. కరెంటు అందాక అది ముందుగా ఒకే ఒక్క ప్రోగ్రామును మేల్కొలుపుతుంది. మిగతావాటిని లేపే పూచీ దానిది. దేని తర్వాత ఏది లేవాలో చిన్న చిన్న ఫైళ్లలో రాసి ఉంటుంది. పూర్వం ఫైళ్ల పేర్ల ముందే వరస అంకెలు వేసేవారట. బరువులు దాచుకునే డేటాబేసు లేచాకే, బరువు చదివే ప్రోగ్రాము లేవాలి.

"పొయ్యి ఎలగకుండా వడ్డించమంటే ఏటి వడ్డిస్తారు బాబాయ్ గారూ?" అందామె. ఆపేటప్పుడు వరస తిరగబడుతుంది, చివర లేచినది ముందు పడుకుంటుంది. ఒక్కొక్కదాన్నీ ముందు మర్యాదగా ఆగమంటారు, చేతిలో పని ముగించుకోవడానికి కాస్త వ్యవధి ఇస్తారు, అప్పటికీ వినకపోతే మెడ పట్టి గెంటేస్తారు.

అయితే బరువు చదివే ప్రోగ్రాము పేరు ఆ వరసలో లేదు. దాన్ని యంత్రంలో పెట్టినవాళ్లు చేత్తో నడిపి చూపించి వెళ్లిపోయారు. అప్పట్నుంచీ ప్రతి దసరాకీ సత్యశ్రీ వచ్చి, రెండు మూడు మాటలు టైపు చేసి లేపేది. "మా సత్యశ్రీ మంత్రం సదివితేగానీ లెగదు" అని త్రినాథరావు అందరికీ చెప్పేవారు. ఆమె నవ్వి ఊరుకునేది. ఆ మాట ఆమెకు ఇష్టమేనని నా అనుమానం.

కూతురు హిమబిందు ఇంటర్ చదువుతోంది, కబడ్డీ ఆడుతుంది. దసరా సెలవుల్లోనే పోటీలు. తల్లి ఒక్క ఆటా చూడలేదు. ఈసారి విజయనగరంలో ఫైనలు సరిగ్గా పూజ నాడే పడింది. "నువ్వు రావులే, నీ కంప్యూటర్‌కి బొట్టెట్టుకో" అందిట ఆ పిల్ల. ఆ మాట సత్యశ్రీకి ఎక్కడో తగిలింది. కూర్చుని ఆ ప్రోగ్రాముకూ ఒక ఫైలు రాసింది: డేటాబేసు తర్వాత లేవాలి, దానికంటే ముందు పడుకోవాలి. సరిగ్గా లేస్తుందో లేదో చూడాలంటే యంత్రాన్ని ఆపాలి. లారీలుండగా ఎవరాపనిస్తారు? పరీక్షించకుండానే విజయనగరం బస్సెక్కేసింది.

పూజయింది. త్రినాథరావు మీట నొక్కారు. యంత్రం లేచింది గాని కాటా గదిలో బరువు పడలేదు. బయట లారీల హారన్లు మొదలయ్యాయి. ఆయన ఫోను చేసి స్పీకరు పెట్టారు.

"ఏటమ్మా సత్యశ్రీ, నీ మంత్రం పారనేదు!"

అటు నుంచి ఈలలు, కేకలు. ఆ గోలలోంచి ఆమె గొంతు వినిపించింది. "సార్, కాటా బరువు అంకెల్లో సూపించే డబ్బా ఎలుగుతందా?"

"ఎక్కడెలుగుతాది? స్విచ్చి తీసి దండేశాం కదా!"

"అయ్యో! ఏటేటా కుర్చీలో కూకునే ముందు ఆ స్విచ్చి నానే వేస్తన్నాను సార్. చెయ్యి దానంతటదే వేసేసేది. రాసినప్పుడు తట్టనేదు."

యంత్రానికి కావలసిందంతా రాసింది, తన చెయ్యి చేసే పని మాత్రం రాయలేదు. బరువు చదివే ప్రోగ్రాము లేచి, డబ్బాను పలకరించి, జవాబు రాక పడిపోయింది.

"ముందు డబ్బా వెయ్యండి. తర్వాత యంత్రాన్ని ఆపి మళ్లీ లేపండి. నానింక ఫోనెత్తను సార్. మా పిల్ల కూతకెళ్తంది."

"కట్ చేసేసింది బాబాయ్ గారూ!" అన్నారు త్రినాథరావు, ఎవరో చెంప మీద కొట్టినట్టు. ఆయన యంత్రం తీగ లాగెయ్యబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. డబ్బా వేసి, యంత్రాన్ని పద్ధతిగా ఆపి, మళ్లీ మీట నొక్కాం. తెర మీద వరసలు పరుగెత్తాయి. కాటా గదిలో సున్నా వెలిగింది. మొదటి లారీ ఎక్కగానే అంకెలు కదిలాయి. ఆ సంగతి చెబుదామని ఆయన మళ్లీ ఫోను తీశారు. ఆమెను ఆట చూడనివ్వండి అన్నాను.

మర్నాడు నేను వెళ్లేసరికి ఆమె ఫైలు సరిచేస్తోంది. డబ్బా పలక్కపోతే పడిపోవద్దు, కాసేపాగి మళ్లీ పిలువు.

"ఇంక నీతో పనేటుంది మాకు?" అన్నారు త్రినాథరావు వేళాకోళంగా.

ఆమె వెంటనే నవ్వలేదు. "దసరాకి నాను నేకపోయినా మిగతా రోజులున్నాయి కదా సార్" అంది.

"సర్లే. గెలిసేరా?"

"నేదు సార్. ఆఖరి కూతలో దొరికిపోయింది మా పిల్లే. మట్టి దులుపుకుని లెగిసి, గట్టు మీద నానున్నానో నేదో అని సూసింది." వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. "ఉన్నాను."