ఆర్లిస్ నమ్మని సరస్సు

ఆర్లిస్ జాస్ట్రో ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. వెనక సీట్లో అల్లరి ఎవడు మొదలుపెట్టాడో అద్దంలో మొహాలు చూసి చెప్పేసేది. రిటైరయ్యాక కూడా ఆ చూపు పోలేదు. చర్చిలో పాస్టరు మెచ్చుకున్నా, ఈయనకి నాతో ఏం పని పడిందో అనుకునేది.

ఆ ఏడు ఆనకట్ట మరమ్మతుకని వాళ్ల ఊరి సరస్సులో నీళ్లు దించేశారు. ఆకులు రాలే కాలంలో మస్కీ వేటకు వెళ్లకుండా ఆమెకు ఏ ఏడూ గడవలేదు. మనిషి కాలంత పొడవు, నోటినిండా పళ్లు; వేలసార్లు గాలం విసిరితే ఒకసారి కరుస్తుందని పేరున్న చేప అది. ఇక చేసేదేముంది, ఎన్నడూ చూడని ఉత్తరాది సరస్సులకు ప్రయాణం కట్టింది. వంటింటి బల్ల మీద పటాలు పరిచి, తమ్ముడు లీరాయ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, అక్కడి ఎరల కొట్టుకు ఫోన్ చేసింది.

కొట్టు యజమాని గోర్డీ గడగడా చెప్పేశాడు. "టామరాక్ సరస్సుకి వెళ్లండి. ఉత్తరపు మలుపులో నాచు ఇంకా పచ్చగానే ఉంది. దాని అంచునే విసరండి, పొద్దు వాలే ముందు. కెటిల్ సరస్సు జోలికి పోకండి, అందులో కప్పలు తప్ప ఏమీ లేవు."

ఆమె ఫోన్ పెట్టేసింది. "విన్నావా? అడగ్గానే చోటూ చెప్పాడు, వేళా చెప్పాడు."

"మంచివాడేమో అక్కా."

"మస్కీ పట్టేవాడు కన్నతల్లికి కూడా చోటు చెప్పడురా. మనల్ని టామరాక్‌కి తోలేసి, వాడూ వాడి బావమరుదులూ కెటిల్ మీద పడతారు."

"నా పెళ్లిలో కూడా, పెళ్లికూతురు తన వయసు నిజమే చెప్పిందా అని అడిగావు."

"చెప్పిందా మరి?"

లీరాయ్ పటాలు మడతపెట్టసాగాడు.

అక్టోబర్ మూడోవారంలో కెటిల్‌లో పడవ దించారు. రెండ్రోజులు మంచు కలిసిన వాన. వేళ్లు కొయ్యబారాయి. చేప సంగతి అటుంచి, కప్ప కూడా కనబడలేదు. "ఇంకో పడవే లేదు చూడు. అంటే గుట్టుగా దాస్తున్నారన్నమాట" అంది ఆర్లిస్.

మూడోరోజు పొద్దున లీరాయ్ ఆమెను ఎరల కొట్టుకు లాక్కుపోయి, ఉన్నదున్నట్టు కక్కేశాడు. గోర్డీ కడుపుబ్బ నవ్వాడు.

"ఇరవై ఏళ్లుగా అందరికీ నిజమే చెబుతున్నానమ్మా. ఒక్కరూ నమ్మరు. అందుకే టామరాక్‌లో ఇంకా చేపలున్నాయి."

ఆర్లిస్ అతని మొహాన్ని తేరిపార చూసింది. మోసం జాడ ఎక్కడా దొరకలేదు. అది ఆమెను ఇంకా చికాకు పెట్టింది.

ఆ సాయంత్రం టామరాక్‌లో, పచ్చనాచు అంచున, గాలం కర్ర ఒక్కసారిగా వంగిపోయింది. పావుగంట పెనుగులాట. నలభై ఆరు అంగుళాలు. కొక్కెం తీస్తుంటే పళ్లు ఆమె వేళ్లను చీరేశాయి. కొలిచి, నీళ్లలో నిలబెట్టి పట్టుకుని, అది తోక ఆడించాక వదిలేసింది. లీరాయ్ ఆమె భుజం మీద చెయ్యి వేస్తే విదిలించుకోలేదు.

తిరుగుదారిలో కొట్టు దగ్గర ఆగారు.

"పడిందా?" అన్నాడు గోర్డీ.

"లేదు" అంది ఆర్లిస్.

అతను నెత్తురోడుతున్న వేళ్లు చూశాడు. బల్ల కింద నుంచి బ్యాండేజీ తీసి ముందు పెట్టాడు.

తర్వాత నాలుగేళ్లు ఆమె టామరాక్‌కే వెళ్లింది. ప్రతిసారీ బయలుదేరే ముందు గోర్డీకి మాత్రం ఫోన్ చేసేది, చెప్పిన మాటలో ఎక్కడైనా తేడా వస్తుందేమోనని.