ఫ్యాను లేని కార్డు

మదనపల్లెలో కంప్యూటర్లు బాగుచేసే మా సారు పోయారని పోయిన నెల ఫోన్ వచ్చింది. ఆయన అంగడి మూసి సొంతూరు కుప్పం వెళ్లి ఏడాదే అయింది. పుంగనూరులో మా ఇంట్లో టీవీ కింద ఉన్న కంప్యూటర్ వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. దాన్ని కుదిర్చి పెట్టింది ఆయనే.

కంప్యూటర్లో బొమ్మను ఆడించే గ్రాఫిక్స్ కార్డు కావాలని ఎవరొచ్చినా ఆయన మొదటి మాట ఒకటే. "నీ వీడియో తెచ్చినావా?" అట్టపెట్టె మీది బొమ్మ చూపించి అమ్మడం ఆయనకు చేతకాదు. ఎవరి వీడియో వాళ్లు పెన్‌డ్రైవ్‌లో తేవాలి, అది ఆయన ముందు ఆడాలి, తర్వాతే బేరం. నేను రెండు ఫ్యాన్ల పెద్ద కార్డు మీద మనసు పడ్డాను. "అది ఆటలాడే పిల్లోళ్లకప్పా. సినిమా సూసేదానికి యాల?" అని ఒక ఫ్యాను ఉన్న చిన్నది తీశారు.

నిజానికి నాకు కావలసింది సినిమా కాదు. మా నాన్న టమోటా తోటలో కట్టెలు నాటుతూ మాట్లాడుతుంటే చెల్లెలు కొత్త ఫోన్‌లో వీడియో తీసింది. ఆ తర్వాత కొన్నాళ్లకే ఆయన పోయారు. ఆ గొంతు మాకు మిగిలింది అందులోనే. చెవులు మందగించిన అమ్మకు అది పెద్ద టీవీలో వినిపించాలని నా ఆరాటం. అంగట్లో నలుగురి ముందు ఎక్కడ ఏడుస్తానో అని, దాని బదులు ఏదో సినిమా పట్టుకెళ్లాను. సినిమా నున్నగా ఆడింది. ఇంటికొచ్చి నాన్న వీడియో పెడితే బొమ్మ అడుగడుక్కీ ఆగింది. పైగా ఫ్యాను గోల. అమ్మ టీవీ దగ్గరికి జరిగి, "ఏమంటాండాడు రా?" అని అడుగుతూనే ఉంది.

మర్నాడు తల వంచుకుని కార్డు వెనక్కి తీసుకెళ్లి, నాన్న వీడియో కూడా ఇచ్చి, ఉన్న సంగతి చెప్పాను.

"తమ్ముడి కొలతలిచ్చి సొక్కా నువ్వేసుకుంటే ఎట్లప్పా?" అన్నారు. కొత్త ఫోన్లు వీడియోను బాగా కుదించి దాస్తాయని, దాన్ని కార్డే విప్పుకోవాలని, దానికి చేతకాకపోతే బరువంతా ప్రాసెసర్ మీద పడి బొమ్మ తడబడుతుందని వివరించారు. తర్వాత కళ్లు మూసుకుని నాన్న మాటలన్నీ విన్నారు. అమ్మకు ఏ చెవి బాగా వినిపిస్తుందో కూడా అడిగారు.

రెండు రోజులకు ఆయనే బస్సెక్కి మా ఇంటికొచ్చారు, పేపర్లో చుట్టిన కార్డుతో. దానికి ఫ్యాను లేదు, వేడి పోవడానికి అల్యూమినియం రేకులే. బిగించి, క్యాబినెట్‌కు చెవి ఆనించి, తల ఊపారు. బొమ్మ ఎక్కడా ఆగలేదు, నాన్న గొంతు తేటగా వినిపించింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎక్కడిది సార్ అంటే, "అంగట్లో ఊరికే పడుండాది" అన్నారు. నేనూ నమ్మేశాను.

పోయిన నెల సారు కర్మకాండ అయ్యాక కుప్పం వెళ్లాను. సారు భార్య ఇంట్లోని కంప్యూటర్ చూపించి, మనవరాలి పుట్టినరోజున తీసిన వీడియోలో ఆయన మాట ఉంది, పెట్టమన్నారు. పాత రకం వీడియో, బొమ్మ బాగానే ఆడింది. ఆయన మాటే ఫ్యాను హోరులో కలిసిపోయింది.

"ముందర దీంట్లో సప్పుడే ఉండేది కాదప్పా. ఆ కార్డు ఎవరికో ఇచ్చేసి, ఇది పెట్టినాడు," అన్నారామె.

క్యాబినెట్ విప్పి చూశాను. లోపల ఉన్నది నేను వాపసు ఇచ్చిన కార్డే.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. "ఆయమ్మది ఆయమ్మకే ఇచ్చేసి రా. మీ నాయన మాటలు నాకు నోటికొచ్చేసినాయి," అంది.

నిన్న మళ్లీ కుప్పం వెళ్లి, ఫ్యాను లేని కార్డును దాని పాత చోటనే బిగించాను. క్యాబినెట్‌కు చెవి ఆనించాను. చప్పుడు లేదు. వీడియోలో సారు చేతిలో కేకు పళ్లెంతో తిరుగుతూ, "అందరూ తింటిరా?" అని అడిగారు.

నా పక్కన గోడకు ఆనుకుని కూర్చున్న ఆమె, తెర వైపే చూస్తూ, "తింటిమి," అన్నారు.